చక్కెర బోర్డు కంటే ముందు తల్లి కంచం చూడాలి

సంపాదకులకు,

పిల్లల్లో టైప్ 2 మధుమేహం పెరుగుతోందని, అధిక చక్కెర దానికీ స్థూలకాయానికీ దారితీస్తుందని, తినేవాటిలో చక్కెర ఎంతుందో చూపే ‘చక్కెర బోర్డులు’ పాఠశాలల్లో పెట్టాలని సీబీఎస్ఈ 2025లో ఆదేశించింది. మంచిదే. కానీ అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా ఏళ్ల తరబడి పసిపిల్లలను తూకం వేయించిన నాకు, పిల్లవాడు ఆ బోర్డు ముందు నిలబడేనాటికే ముఖ్యమైన అయిదారేళ్లు చేజారిపోయాయనిపిస్తుంది.

తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఊబకాయమేమిటని చాలామంది అనుకుంటారు. అలాంటి శిశువుల్లో కండ తగ్గినంతగా కొవ్వు తగ్గదని 1993లో పుణె పరిసర గ్రామాల్లో మొదలైన అధ్యయనం ద్వారా డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చూపింది. గర్భంలో అరకొర పోషణకు అలవాటుపడిన శరీరం, పుట్టాక అందినదాన్ని కొవ్వుగా దాచుకోవడానికి మొగ్గే అవకాశం ఎక్కువ. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అదే వయసువారిలో అధిక బరువున్నవారు అంతకుముందు సర్వేలోని 2.1 శాతం నుంచి 3.4 శాతానికి పెరిగారు. ఈ రెండింటినీ వేర్వేరు జబ్బులుగా చూడటమే మన పొరపాటు.

మా పక్కింట్లో రెండు కిలోల చిల్లర బరువుతో, ఆపరేషన్‌తో పుట్టిన బాబుకు మొదటి రోజు నుంచే డబ్బా పాలు పట్టారు. పది నెలలకే బుగ్గలు పొంగాయి. ‘‘మా వాడు ఎంత బొద్దుగైండో చూడమ్మా’’ అని నానమ్మ మురిసిపోతోంది. స్టీలు గ్లాసుకు ఆనించిన ఫోన్‌లో పాట నడుస్తుంటేనే వాడు నోరు తెరుస్తాడు. లోపలికి పోయేది చక్కెర పాలలో నానిన బిస్కెట్. ఆ నానమ్మను తప్పుపట్టలేను. బిడ్డ సన్నబడితే దిష్టి తగిలిందని భయపడే ఇళ్లలో బొద్దుతనమే ఆరోగ్యం. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లేనని అదే సర్వే చెప్పింది. కోత నొప్పితో పడుకున్న తల్లికి ముర్రుపాలు పట్టించడంలో పక్కన నిలిచి సాయపడే మనిషి లేకపోతే డబ్బా రావడం ఎంతసేపు? ఇక వాడు నడక నేర్చాక ఆడుకునే చోటు మా అపార్ట్‌మెంట్ సెల్లార్, అదీ కార్లు బయటికి వెళ్లినప్పుడే.

ధనిక దేశాల్లో ఊబకాయం ఎక్కువగా పేదల సమస్య. మనలాంటి దేశాల్లో అది కలిగిన ఇళ్లలో మొదలై, అయిదు రూపాయల ప్యాకెట్ల వెంట బస్తీలకు దిగుతోంది.

నా లెక్కలో అసలైన స్థూలకాయ నివారణ పథకం అంగన్‌వాడీ కేంద్రాల్లో గర్భిణులకు ఒక పూట భోజనం, గుడ్డు, పాలు పెట్టే ఆరోగ్యలక్ష్మి. కానీ పొద్దున్నే లేబర్ అడ్డాకు వెళ్లే గర్భిణి మధ్యాహ్నం కేంద్రానికి ఎలా వస్తుంది? ఆ భోజనాన్ని ఆమె వీలును బట్టి అందించే ఏర్పాటు కావాలి. తూకంతోపాటు ఎత్తు కూడా సరిగ్గా కొలిచి, బరువు మించిన బిడ్డ తల్లితోనూ, బరువు తగ్గిన బిడ్డ తల్లితో మాట్లాడినంత శ్రద్ధగా మాట్లాడాలి. ఏడు నెలల వయసు నుంచి పిల్లలకు అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతం పిండిలో చక్కెర ఉంటుంది. ఆ ప్యాకెట్లు నేనూ ఎన్నో పంచాను. 1958 నుంచి హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ సలహాతో ఆ చక్కెరను తగ్గించే వీలుందేమో మహిళా శిశు సంక్షేమ శాఖ పరిశీలించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత అంగన్‌వాడీ సూపర్‌వైజర్, తార్నాక, హైదరాబాద్