వరద రక్షణ నిధి: జమా ఖర్చుల వివరణ (బోటు విషయంతో సహా)

విజయవాడ సింగ్ నగర్‌లోని మన ఆరు వీధుల వాళ్లకు, బయట ఊళ్ల నుంచి డబ్బు పంపిన మన పిల్లలకు నమస్కారం. ఈ లెక్క జూన్‌లోనే మీ ముందు పెట్టాల్సింది. బోటు వ్యవహారం తేలకుండా లెక్క ఎలా మూస్తామని ఆగాం. అలా ఆగినందువల్లే అనుమానాలు వచ్చాయి. ఆ తప్పు మాదే, మన్నించాలి.

జమ

236 ఇళ్ల నుంచి ఇంటికి 500 చొప్పున: 1,18,000
షాపుల వాళ్లు, రెండు అపార్ట్‌మెంట్లు: 46,000
హైదరాబాద్, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు: 52,000
బ్యాంకు వడ్డీ: 1,140
మొత్తం: 2,17,140

ఇస్తామని పేరు రాయించి ఇంకా ఇవ్వని ఇళ్లు 61 ఉన్నాయి. అంటే 30,500 రావాలి. ఇబ్బందుల్లో ఉన్నవాళ్లను మేం అడగలేదు, అడగం కూడా. కానీ ఒక్క రూపాయి ఇవ్వకుండా గ్రూపులో లెక్కలు అడిగినవాళ్లూ అందులో ఉన్నారు. అది మాకు బాధ కలిగించింది.

ఖర్చు

రెండు రోజుల శిక్షణ, మన వాలంటీర్లు 28 మందికి: 17,850. ఇందులో శిక్షకులతో కలిపి 30 మందికి భోజనాలు, టీలు 9,240. అంటే మనిషికి రోజుకు 154.
లైఫ్ జాకెట్లు 30: 33,000
తాళ్లు, టార్చిలు, మెగాఫోన్, స్ట్రెచర్, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలు: 38,400
సామాను పెట్టడానికి రేకుల షెడ్డు: 11,500
ప్రింటింగ్, రసీదు పుస్తకాలు: 4,260
ప్రమాద బీమా: 560

బీమా ఇంత తక్కువేమిటని ఒకరు అడిగారు. ప్రధానమంత్రి సురక్షా బీమాలో ఏడాదికి 20 రూపాయలే, ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. 28 మందిని బ్యాంకుకు తీసుకెళ్లి కట్టించాం. మన వాలంటీర్లకు జీతం గానీ బత్తా గానీ లేదు.

విపత్తుల్లో సాయపడే వాలంటీర్ల కోసం ఉన్న ఆపద మిత్ర పథకం కింద ప్రభుత్వం ఉచితంగా నేర్పిస్తుంటే మన డబ్బెందుకని ఇంకో ప్రశ్న. అది 12 రోజుల శిక్షణ. మన వాలంటీర్లలో ఎక్కువమంది రోజు కూలీకో, షాపులో పనికో వెళ్లేవాళ్లు. అన్ని రోజులు పని మానలేరు. అందుకే ఆదివారాలు చూసుకుని సీపీఆర్ (గుండె ఆగితే ఛాతీ నొక్కడం), తాడు ముళ్లు, గాయాలకు కట్టు కట్టడం నేర్పించాం.

బోటు: 61,700

అసలు గొడవ ఇదే కాబట్టి వివరంగా రాస్తున్నాం.

2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు నీళ్లు మన ఇళ్లలోకి వచ్చినప్పుడు బోటు కోసం ఎంత అల్లాడామో మీకు తెలుసు. నాలుగో వీధిలో పక్షవాతంతో మంచాన ఉన్న మామ్మగారిని, ఊడదీసిన తలుపును రెండు ప్లాస్టిక్ డ్రమ్ములకు కట్టి, ఐదుగురు మెడ లోతు నీళ్లలో తోసుకుంటూ వంతెన దాకా తెచ్చారు. కవులూరు దగ్గర బుడమేరు గట్టుకు పడిన గండ్లు పూడ్చేసరికి 7వ తేదీ వచ్చింది. అందుకే చందాలు అడిగినప్పుడు మొదటి మాటగా బోటు అన్నాం.

ఫిబ్రవరిలో ఒక తయారీదారుకు 15,000 అడ్వాన్స్ ఇచ్చాం. నెలన్నరలో అన్నాడు, మే నెల దాటింది. తీరా చెరువులో దింపి ఆరుగురం ఎక్కితే పది నిమిషాల్లో పాదాలు మునిగేంత నీళ్లు లోపలికి వచ్చాయి. వద్దన్నాం. 12,000 తిరిగి ఇచ్చాడు, 3,000 పోయాయి. కాగితం మీద ఏమీ రాయించుకోలేదు కాబట్టి గట్టిగా అడగలేకపోయాం. ఆ 3,000 కమిటీ సభ్యులం మా చేతి నుంచి కడతామన్నాం. మీటింగులో ఎక్కువమంది వద్దన్నారు కాబట్టి ఖర్చులోనే చూపిస్తున్నాం.

తర్వాత చేపలు పట్టే వాళ్ల దగ్గర వాడిన ఫైబర్ బోటు 48,000కు కొన్నాం. లారీ బాడుగ 4,500, అతుకులూ రంగూ 6,200. ఆగస్టులో వచ్చింది.

ఇంజను బోటు అని చెప్పి తెడ్ల బోటు తెచ్చారంటున్నారు. ఇంజనుతో లక్షా ఎనభై వేల పైనే చెప్పారు, అది ఒక్కటే కారణం కాదు. మన వీధుల్లో నీళ్ల కింద బైకులు, ప్రహరీ గోడలు, తెగిన కేబుల్ వైర్లు ఉంటాయి. ఇంజను రెక్కలకు ఒక్క వైరు చుట్టుకుంటే బోటు అక్కడే ఆగిపోతుంది. ఏడాదికి ఒక్కసారీ తియ్యని ఇంజను అవసరానికి స్టార్ట్ అవుతుందన్న నమ్మకం లేదు. గెడ కర్రతో తోసే బోటైతే సందుల్లోకి వెళ్తుంది, ఇద్దరు చాలు. చందా ఇచ్చినవాళ్లను ముందే అడిగి మార్చాల్సింది, అడగలేదు. నిర్ణయం మాత్రం సరైనదనే ఇప్పటికీ నమ్ముతున్నాం.

మొత్తం ఖర్చు: 1,67,270
నిల్వ: 49,870 (బ్యాంకులో 47,320, చేతిలో 2,550)

నిల్వను పంచమని కొందరన్నారు. వచ్చే మే నెలలో మళ్లీ శిక్షణ, తాళ్లు, బ్యాటరీలు మార్చడం ఉన్నాయి. దానికే ఉంచుతాం.

షెడ్డుకు చోటిచ్చిన రెండో వీధి కుటుంబానికి, తాళ్లు కొన్న ధరకే ఇచ్చిన షాపు ఆయనకు కృతజ్ఞతలు. మంచాన ఉన్నవాళ్లు, గర్భిణులు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఉన్న ఇళ్ల జాబితాలో ఇంకా రెండు వీధులు మిగిలాయి, వివరాలు ఇవ్వండి.

బిల్లులు, పాస్‌బుక్ ఈ ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా రామాలయం అరుగు మీద ఉంటాయి. బోటు తాళం చెవులు రెండు. ఒకటి షెడ్డు పక్కింట్లో, రెండోది కిరాణా షాపులో. రాత్రి ఏ వేళకైనా తలుపు కొట్టవచ్చు.

మీ కమిటీ సభ్యులు