ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు ఆటోవాడిదా?

అయ్యా,

మాది తిరుపతి కొర్లగుంట. స్టేషన్ నుంచి అలిపిరికి ఎలక్ట్రిక్ ఆటో తోలుతాను. మా సందులో ఇలాంటివి ఆరున్నాయి. రాత్రి 9 దాటాక అన్నీ ఛార్జింగ్‌కి పెడతాం, ఇళ్లల్లో ఏసీలు కూడా అప్పుడే మొదలు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫట్‌మని ఫ్యూజు పోతుంది. మొన్న తెల్లారి చూస్తే బ్యాటరీ 38 శాతం. కొండకెళ్లే తొలి బేరాలన్నీ పోయాయి.

ఛార్జింగ్‌కి వేరే మీటరు అడిగితే, కరెంటు ఆఫీసువాళ్లు ‘లోడు చాలదు, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు మీరే పెట్టుకోండి’ అన్నారు. 2024లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్‌కి విడిగా కనెక్షన్ అడగొచ్చు. మునిసిపల్ ప్రాంతాల్లో కొత్త కనెక్షన్‌కి గడువు 7 రోజులు. లైను పొడిగించాలంటే ఇంకొంత టైం పడుతుంది, సరే. కానీ వీధంతా వాడుకునే ట్రాన్స్‌ఫార్మర్‌కి మేమెందుకు కట్టాలి?

– ఒక ఆటో డ్రైవర్, తిరుపతి