బోడీ చూసొచ్చినాము

రీనో, అమెరికా,
ఆదివారం రాత్రి

చిరంజీవి నైనకు అమ్మ ఆశీర్వదించి రాయడమేమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమేనని తలుస్తున్నాను. తలుచుకోవడమే తప్ప నీ నోటితో విన్నది లేదు. ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నా, తర్వాత చేస్తానమ్మా" అని మెసేజి వస్తుంది, ఫోన్ రాదు. కాగితానికైతే మీటింగు అడ్డం రాదని రాస్తున్నా. అక్క స్నేహితురాలు పై వారం బెంగళూరు వస్తోంది, ఆమె చేతికిస్తాను. బాదంపప్పులు కూడా పెట్టినా. రాత్రి నానబెట్టి, పొద్దున పొట్టు తీసి తిను. పొట్టుతో తింటే నీ కడుపుకు పడదు.

నిన్న అందరం బోడీ అనే ఊరికి పోయినాము. కాలిఫోర్నియా రాష్ట్రం వాళ్ళ పార్కు. పార్కంటే లాల్‌బాగ్ అనుకునేవు, చూద్దామంటే చెట్టు లేదు. జనం వదిలేసి పోయిన బంగారు గనుల ఊరిని ఉన్నది ఉన్నట్టు కాపాడుతూ టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారు. పెద్దవాళ్ళకు ఎనిమిది డాలర్లు, అక్క కూతురు చిన్నికి ఐదు. మీ నాయన రూపాయల్లో లెక్కేసుకుని, "ఖాళీ ఇండ్లు చూడ్డానికి ఇంత దుడ్డా? మన కోలారు గనుల చాంపియన్ రీఫ్‌లో ఊరికే చూడొచ్చే" అన్నాడు. మీ బావ వినపడనట్టు ముందుకు పోయినాడు.

పొద్దున్నే బయలుదేరినాము. 395 నంబరు రోడ్డు మీద దక్షిణానికి, కార్సన్ సిటీ దాటి, టోపాజ్ సరస్సు పక్కగా, వాకర్ ఏటి లోయలో నుంచి బ్రిడ్జ్‌పోర్ట్. అక్కడింకా కొండల మీద మంచుంది. అది దాటి కొంత దూరం పోయి ఎడమకు తిరిగితే పదమూడు మైళ్ళు. చివరి మూడు మైళ్ళకు తారు లేదు. నా నడుము సంగతి అడగొద్దు. ఆ ఊళ్ళో తినడానికేమీ దొరకదని అక్క ముందే చెప్పింది కాబట్టి చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకున్నా. నువ్వు మధ్యాహ్నం ఏం తింటున్నావు? ఆఫీసు క్యాంటీన్ బాగుంటుందని చెప్పేవాడివి.

ఆఫీసంటే గుర్తొచ్చింది. ఊర్గాం అత్త ఫోన్ చేసింది. వాళ్ళ పిల్ల సీమంతం గురించే చేసింది, మాటల్లో మాటగా వాళ్ళబ్బాయి నిన్ను మంగళవారం పదకొండింటప్పుడు కె.ఆర్. పురం స్టేషన్‌లో చూసినాడని చెప్పింది. బ్యాగు లేదంట, బెంచీ మీద కూర్చున్నావంట. పలకరిస్తే "పనుండి వచ్చినా" అన్నావంట. ఉంటుందిలే, ఎవరి పనులు వాళ్ళకుంటాయి. అత్త నోరు తెలిసిందే కదా.

బోడీ సంగతి చెప్తాను. 1859లో బోడీ అనే ఆయన ఇంకొందరితో కలిసి అక్కడ బంగారం కనుక్కున్నాడు. ఆ చలికాలమే సరుకులకని పోయి తిరిగొస్తూ మంచు తుఫానులో చిక్కుకుని చనిపోయినాడు. పేరు ఊరికి పెట్టినారు గాని, ఆయన ఊరును చూసింది లేదు. తర్వాత పదిహేనేళ్ళకు పైగా అది నాలుగు గుడిసెల పల్లెగానే ఉండి, పెద్ద కంపెనీ దిగి గట్టి ఖనిజం దొరికేసరికి ఒక్కసారిగా పెరిగిపోయింది. 1880 నాటికి ఏడెనిమిది వేలమంది ఉండిరంట. సారాయి కొట్లే అరవైకి పైగా. కాల్పులు, కొట్లాటలు, తెల్లారితే శవం. ఆ ఊరికి కాపురం పోతున్న ఒక చిన్నపిల్ల "ఇంక సెలవు దేవుడా, మేము బోడీకి పోతున్నాము" అని రాసుకుందని చెప్పుకుంటారు. ఆ పిల్ల తల్లి ఏమనుకునిందో ఎవరూ రాసిపెట్టలేదు.

రెండుమూడేళ్ళకే ఖనిజం తగ్గింది, జనం పలచబడినారు. ఒకసారి 1892లో, మళ్ళీ 1932లో ఊరు తగలబడింది. రెండోది ఒక పసివాడు అగ్గిపుల్లతో అంటించినాడంట. పుట్టినరోజు విందులో ఐస్‌క్రీం బదులు జెల్లీ పెట్టినారని కోపమంట. నాకు మన గడ్డివాము గుర్తొచ్చింది. నువ్వు పరాయి వాళ్ళ ముందర మంచివాడివే, కోపం లోపల పెట్టుకుని ఎక్కడో చూపిస్తావు. చిన్నప్పటినుంచీ అంతే.

ఇండ్లకు కిటికీల్లోంచి తొంగి చూడాలి, చాలావాటి లోపలికి పోనివ్వరు. బడిలో బల్లలు, నల్లబల్ల, గ్లోబు అట్లే ఉన్నాయి. కొట్లో అరల మీద డబ్బాలు, సీసాలు అట్లే. ఒక ఇంట్లో మంచం, పొయ్యి, గోడకు ఊడిపోతున్న కాగితం. అక్కడినుంచి సామాను మోసుకుపోవాలంటే బండి కూలీయే ఎక్కువయ్యేదంట, అందుకని పట్టుకుపోగలిగినంత పట్టుకుని మిగతాది వదిలేసినారు. పార్కు వాళ్ళు ఏదీ కొత్తగా చేయరు. పైకప్పు ఎగిరిపోకుండా, గోడ కూలకుండా ఆపు పెడతారు, అంతే. దుమ్ము కూడా తుడవరు! ఆ బల్లల మీద దుమ్ము చూసి నా చేతులు ఊరుకోలేదు. ఒక గుడ్డముక్క ఇస్తే గంటలో ఆ బడి మొత్తం తుడిచి పెడుదును. నీ గది ఎట్లుందో? పనమ్మాయి వస్తోందా, మానిపించినావా?

ఊటీ కంటే ఎత్తు, 8,379 అడుగులు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మీ నాయనను కూర్చోమంటే కూర్చోడు. స్టాంప్ మిల్లు దగ్గరికి పోయి రాయి పొడి చేసే ఆ ఇనుప రోకళ్ళను చూస్తూ నిలబడిపోయినాడు. అందరం ఒకచోట, ఆయన ఒక్కడే ఒకచోట. 1892లోనే ఆ మిల్లు కోసం పదమూడు మైళ్ళ దూరంలో ఏటి నీళ్ళతో కరెంటు తీసి తీగల మీద తెచ్చినారు. మలుపు తిప్పితే కరెంటు తీగలోంచి దూకిపోతుందని భయపడి స్తంభాలన్నీ సూటిగా నాటించినారని గైడు చెప్తే అందరూ నవ్వినారు. మీ నాయన నవ్వలేదు. "మాకు శివనసముద్రం నుంచి 1902లో వచ్చింది" అని మీ బావతో గొప్పగా చెప్పినాడు, తానే మోసుకొచ్చినట్టు. తర్వాత బంగారం లాగడానికి పొడిరాయికి సైనైడు పెట్టడం, మిగిలిన మట్టి దిబ్బలు, అన్నీ మనకు తెలిసినవే. యుద్ధం వచ్చి 1942లో సర్కారు బంగారు గనులు మూయించేదాకా అక్కడ ఏదో కొంచెం పని సాగుతూనే ఉండింది. 1962లో పార్కు చేసినారు.

అప్పుడు చిన్ని అడిగింది, "తాతా, మీ గని మూసేస్తే నువ్వేం చేసినావు?" అని.

ఇక్కడ నీకొకటి చెప్పాలి. నీకు తెలియదు, అక్కకు తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు.

2001 ఫిబ్రవరి 28న మన గనులు మూసినారు కదా, అప్పుడు నువ్వు చిన్నబడిలో ఉన్నావు. మీ నాయన కొన్ని నెలలు అరుగు మీదే. యూనియన్ వాళ్ళు వస్తారు, కోర్టు అంటారు, మళ్ళీ తెరుస్తారంటారు. ఈయన హెల్మెట్ తుడిచి మేకుకు తగిలించేవాడు. ఉన్నట్టుండి ఒకరోజు, "బెంగళూరులో ఒక ఆఫీసులో సూపర్‌వైజర్ పని దొరికింది" అన్నాడు. మరుసటి రోజునుంచి తెల్లవారక ముందే చాంపియన్ స్టేషన్‌లో మారికుప్పం రైలు. అప్పుడు ఊరంతా ఆ రైల్లోనే కదా. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, టిఫిన్ క్యారియరు. రాత్రి తొమ్మిదికి రావడం. నేను ఊర్గాం అత్తతో సూపర్‌వైజర్ అనే చెప్పుకున్నా. కుప్పం పెద్దమ్మకైతే ఇంకో మెట్టు ఎక్కించి మేనేజర్ అని చెప్పినా.

ఒకరోజు బట్టలుతుకుతుంటే ప్యాంటు జేబులో ఈల దొరికింది. నల్లతాడు కట్టిన ఈల. ఆఫీసులో ఈలెందుకు? ప్యాంటు ఆరినాక మళ్ళీ జేబులోనే పెట్టేసినా. ఇంకోసారి బెల్టు బకిలీ మీద ఏదో కంపెనీ గుర్తు. ఏమీ అనలేదు. ఆ డిసెంబరులో అక్కకు కంటి పరీక్ష చేయించడానికి బెంగళూరు పోయినాము. అద్దాలకిచ్చి బస్టాపుకు నడుస్తుంటే, ఒక పెద్ద బంగ్లా గేటు దగ్గర నీలం చొక్కా, టోపీ పెట్టుకుని మీ నాయన. కారొకటి వస్తే గేటు తీసి సలాం కొట్టినాడు. కారులోని వాళ్ళు చూడను కూడా లేదు. తెల్లచొక్కా గూట్లో మేకుకు తగిలించి ఉంది. నా కళ్ళు ముందు ఆ చొక్కా మీదికే పోయినాయి, పొద్దున నేను ఇస్త్రీ చేసిన మడతలు. అక్క చేయి పట్టుకుని రోడ్డు దాటి అటువైపు నడిపించినా. "అమ్మా, బస్సు ఇటు కదా" అంది. "పూలు కొనాలి" అన్నా. పూలు కొన్నా కూడా.

ఆ రాత్రి అన్నం తింటూ మీ నాయన, "ఆఫీసులో ఏసీ చలి భరించలేక పోతున్నా" అన్నాడు. "అయితే నా శాలువా తీసుకుపో, కుర్చీకి వేసుకో" అన్నా. తీసుకుపోయినాడు. నైట్ డ్యూటీ పడిన రోజుల్లో, ఇయర్ ఎండింగ్ లెక్కలని చెప్పేవాడు, మంకీ క్యాపు కూడా ఇచ్చి పంపించేదాన్ని. ఏసీకి మంకీ క్యాపేమిటని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. మీ ఇద్దరి చదువులూ ఆ ఈల మీదే నడిచినాయి నైనా. ఆయన తనకొక్కడికే తెలుసనుకుని మోసినాడు, నేను నాకొక్కదానికే తెలుసనుకుని మోసినా. ఇద్దరం ఒకే చాప మీద పడుకుంటూ.

ఇంతకీ నిన్న చిన్ని అడిగితే ఏమన్నాడో తెలుసా? "వాచ్‌మన్ పని చేసినా తల్లీ, బంగ్లా దగ్గర. మంచివాళ్ళే, దీపావళికి ప్యాంటు గుడ్డ ఇచ్చేవాళ్ళు" అన్నాడు. అంత తేలిగ్గా. అక్క బాటిల్ మూత పెడుతూ తలెత్తలేదు. నేను పెరుగన్నం డబ్బా తెరిచి, "తిందాం రండి, ఎండెక్కుతోంది" అన్నా. చిన్ని ఈల కావాలని గొడవ. అన్నేళ్ళూ దాచింది ఈ పిల్ల అడగ్గానే చెప్పేస్తే నాకు నవ్వాలో ఆయన్ని తిట్టాలో తెలియలేదు.

ఇదంతా నిన్నేదో అనడానికి రాయడం లేదు. ఈ కాలంలో కంపెనీలు వంద మందిని ఒక్క ఈమెయిలుతో పంపించేస్తున్నాయని మీ బావే చెప్తుంటాడు. అందులో చేసినవాళ్ళ తప్పేముంది? గని మూస్తే మీ నాయన తప్పా? ఊరికే మాట కోసం చెప్తున్నా. ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుంది, కాకపోతే ఖర్చు అదుపులో పెట్టుకోవాలి. క్రెడిట్ కార్డు వాడొద్దు, కనీస మొత్తం కట్టి ఊరుకోవడం అసలొద్దు. పీఎఫ్ డబ్బు తొందరపడి తీయొద్దు. బయటి తిండి తగ్గించు. నా దగ్గర తెచ్చుకున్న రాగిపిండి ఉందా, పురుగు పట్టిందా? లెక్చరిస్తున్నానని అక్క వెనకనుంచి చూసి అంటోంది. సరే, ఆపేస్తా. పగలు స్టేషన్ బెంచీ మీద కూర్చునే బదులు కుప్పం పో. పెద్దమ్మ కారణం అడగదు, సంగటి చేసి పెడుతుంది.

ఇంకొక వింత. ఆ ఊళ్ళో మ్యూజియంలో ఉత్తరాలున్నాయి. బోడీ నుంచి ఒక మేకో, గాజుపెంకో జేబులో వేసుకుని పోయినవాళ్ళు, ఆ తర్వాత కష్టాలొచ్చి, శాపం తగిలిందని ఆ వస్తువును క్షమాపణతో తిరిగి పోస్టు చేస్తారంట. శాపం మాట పార్కు వాళ్ళు దొంగతనాలు ఆపడానికి పుట్టించిందే అంటారు. అయినా ఉత్తరాలు ఆగడం లేదు. కొన్నింటికి సంతకం కూడా లేదు. మీ బావ నవ్వినాడు, నేను మాత్రం చిన్ని జేబులు తడిమి చూసినా. ఒక రాయి దొరికింది. అక్కడే పెట్టించినా.

వచ్చేటప్పుడు మోనో సరస్సు చూపించినారు. ఉప్పునీళ్ళు, నీళ్ళల్లోంచి లేచిన సున్నపురాతి గోపురాలు. లాస్ ఏంజిలిస్ వాళ్ళు 1941 నుంచి దాంట్లో చేరే ఏర్లను మళ్ళించుకుంటే ఎండిపోతూ వచ్చింది, 1994లో నీళ్ళు వదలమని ఉత్తర్వయింది. మీ నాయన అప్పటికి కారులో నిద్రపోయినాడు.

ఎల్.ఐ.సి. ప్రీమియం ఈ వచ్చే నెలది మీ నాయన ఇక్కడినుంచే కట్టేస్తాడు, నువ్వు కట్టొద్దు. ఇంటి అద్దె ఎంత పెంచినాడో అక్క అడుగుతోంది, ఊరికే అడుగుతోంది. ఆమెకు రాయకపోతే నాకు రాయి, నాకు రాయకపోతే మీ బావకు ఫోన్ చెయ్యి, ఆయన ఎవరికీ చెప్పే రకం కాదు. ఇక్కడ రాత్రి తొమ్మిదంటే మీకు మరుసటి రోజు పొద్దున తొమ్మిదిన్నర. ఆ వేళకు నేను ఫోన్ పక్కనే పెట్టుకుని ఉంటాను, పనేమీ లేదు.

బావ ఆదివారం బట్టల షాపుకు పోతాడంట. నీ చొక్కా సైజు నలభయ్యా, నలభై రెండా? పోయిన దీపావళికి నలభై రెండు సరిపోయింది, ఇప్పుడు చిక్కిపోయినావని ఊర్గాం అత్త కొడుకు చెప్పినాడంట. కొలుచుకుని ఈ వారంలోగా చెప్పు.

మీ అమ్మ