బ్రిస్టల్ జార్జియన్ హౌస్ ప్రయాణం: జమా ఖర్చుల వివరణ

సభ్యులందరికీ నమస్కారం. స్విండన్ నుంచి బ్రిస్టల్‌ వెళ్ళి జార్జియన్ హౌస్ మ్యూజియం చూసొచ్చిన ప్రయాణం లెక్కలు ఇవి. పద్దులన్నీ పౌండ్లలో ఉన్నాయి.

జమ: 12 కుటుంబాల నుంచి 60 చొప్పున 720. విడిగా వచ్చిన చందాలు 85. మొత్తం 805.

ఖర్చులో పెద్ద పద్దు మినీ కోచ్‌ది, రానూపోనూ 410. పులిహోర, దద్దోజనం సామాన్లు, పేపర్ ప్లేట్లు, పిల్లల జ్యూసులు కలిపి 168. వంట మన ఇళ్ళలోనే కానిచ్చిన అమ్మలకు, అయ్యలకు కమిటీ కృతజ్ఞతలు. టాక్సీకి 22. ఇది ముందు అనుకున్నది కాదు. పార్క్ స్ట్రీట్ ఎక్కడమే కష్టమంటే, దాన్నుంచి చీలిన, మ్యూజియం ఉన్న గ్రేట్ జార్జ్ స్ట్రీట్ బ్రాండన్ హిల్ వైపు ఇంకా పైకి పోతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను అంత ఎత్తు నడిపించలేం కదా. మ్యూజియంలో ప్రవేశం ఉచితం కాబట్టి అక్కడి విరాళాల పెట్టెలో 75 వేశాం.

ఇక ఈ ఇంటి గురించి మనం వేసిన చిన్న తెలుగు పుస్తకం ముద్రణకు 96. నాలుగు పేజీలని చెప్పి ఎనిమిది వేశారేమని గ్రూపులో ప్రశ్న వచ్చింది. సరైన ప్రశ్నే, అందుకే జవాబు కాస్త వివరంగా ఇస్తున్నాం.

మొదటి నాలుగు పేజీలు కట్టడం గురించి. మూడో జార్జి కాలంలో, 1790 ప్రాంతంలో, విలియం పేటీ నమూనాతో జాన్ పిన్నీ అనే చక్కెర వర్తకుడు కట్టించుకున్న ఇల్లిది. రేవు దగ్గరి రద్దీ వదిలి డబ్బున్నవాళ్ళు గుట్ట వాలు మీదికి చేరుతున్న రోజులవి. బయట రాతి ముఖం, వరస కిటికీలు, ఆడంబరం తక్కువ. చూడటానికి నాలుగు అంతస్తుల్లో 11 గదులు ఉన్నాయి. వంటిల్లు, బట్టలుతికే గది అడుగు అంతస్తులో ఉంటే దొరగారి గదులు పైన. పిల్లలు అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడింది అడుగున ఉన్న చన్నీళ్ళ స్నానపు తొట్టి దగ్గర. ఇంగ్లండు చలిలో అందులో మునిగేవాడంటే వాళ్ళకు నమ్మకం కుదరలేదు!

తర్వాతి నాలుగు పేజీలు ఆ ఇంటి వెనకున్న డబ్బు గురించి. కరీబియన్‌లోని నెవిస్ దీవిలో పిన్నీకి మౌంట్‌ట్రావర్స్ అనే చెరకు తోట ఉండేది, అందులో పనంతా బానిసలది. పిన్నీ లెక్కల మనిషి. చక్కెర లెక్కలతోపాటు మనుషుల కొనుగోలు లెక్కలూ రాసిపెట్టుకున్నాడు. ఆ కుటుంబం కాగితాలు బ్రిస్టల్ యూనివర్సిటీలో ఉన్నాయి. 1765లో అతను కొన్నవాళ్ళలో పీరో అనే 12 ఏళ్ళ పిల్లవాడు, అతని చెల్లెళ్ళు నాన్సీ, షీబా ఉన్నారు. పీరో క్షౌరం, పళ్ళు పీకడం నేర్చుకుని పిన్నీకి సొంత సేవకుడయ్యాడు. 1783లో యజమానితో బ్రిస్టల్ వచ్చి, ఈ ఇంట్లో పనిచేసి, విముక్తి దొరక్కుండానే 1798లో చనిపోయాడు. 1999లో కట్టిన రేవు వంతెనకు పీరో పేరు పెట్టారు. అదే ఇంటివాళ్ళతో వచ్చిన పనిమనిషి ఫానీ కోకర్‌కు మాత్రం అంతకుముందే, 1778లో విముక్తి పత్రం దొరికింది.

"ఇల్లు చూడటానికి వెళ్ళాం, ఈ గొడవలెందుకు" అని ఒక పెద్దాయన అన్నారు. గోడలకు పెట్టిన ఖర్చు చెప్పి జమ ఎక్కడిదో చెప్పకపోతే అది సగం లెక్కే అని కమిటీ అభిప్రాయం. మన పిల్లలు ఇక్కడి బడుల్లో చదువుతున్నారు, వాళ్ళకు ఈ సంగతి మన భాషలో కూడా అందాలి. ఆ పేజీలకు అదనపు ఖర్చు చందాల 85లోంచే సరిపెట్టాం, కుటుంబాల 60 ముట్టుకోలేదు.

మొత్తం ఖర్చు 771. నిల్వ 34, వచ్చే ప్రయాణం ఖాతాలో జమ వేశాం. రసీదులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి. చూడాలనుకునేవారు వచ్చే సమావేశంలో అడిగి చూడవచ్చు. పుస్తకాలు ఇంకా కొన్ని మిగిలాయి, ప్రయాణానికి రాలేకపోయిన కుటుంబాలు ఉచితంగా తీసుకోవచ్చు.