గోడ మీద బొమ్మకు ముందు చీకటి కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఉత్సవాలకు పాత కట్టడాల గోడల మీద ప్రొజెక్టర్లతో బొమ్మలు ఆడించాలన్న సరదా ఒడిశాలోని మన గజపతి, గంజాం జిల్లాలకూ వచ్చింది. మంచిదే. కానీ అందరూ అడిగేది ఒక్కటే: ప్రొజెక్టరు ఎన్ని ల్యూమెన్లు, అంటే మొత్తం ఎంత వెలుతురు చిమ్ముతుంది?

లెక్క చూడండి. 16 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల ఎత్తు గోడకు 20,000 ల్యూమెన్ల యంత్రం పెడితే పడేది చదరపు మీటరుకు 125 ల్యూమెన్లు, అంటే 125 లక్సులు. ప్రొజెక్టరుకు నలుపు వెయ్యడం చేతకాదు. గోడ మీద అప్పటికే ఉన్న వెలుతురే దాని నలుపు. పక్కనున్న వీధి స్తంభం లైటు 20 లక్సులు పోస్తుంటే బొమ్మలోని తెలుపు నలుపుకు ఏడు రెట్లే. లక్షలు పోసి రెండో యంత్రం తెచ్చినా పదమూడు రెట్లు దాటి పెద్దగా పోదు. ఆ లైటు ఆర్పించి 2 లక్సులకు దించితే ఒక్క యంత్రంతోనే అరవై రెట్లు! తోలుబొమ్మలాటలో తెర ముందు ఎవరైనా పెట్రోమాక్స్ వేలాడదీస్తారా? గోడ దగ్గరి వీధి స్తంభాలకు విడి స్విచ్చి పెట్టించడం, ఎదుటి దుకాణాల బోర్డులు గంటసేపు ఆపించడం పురపాలక సంఘం పని. ఏప్రిల్‌లో ఏడు గంటలకు ముందు మొదలుపెట్టనే కూడదు.

ఇటుక గోడ వెలుతురును మింగేస్తుందని తెల్ల ప్లాస్టిక్ పెయింటు కొట్టించాలనే సలహా మాత్రం దయచేసి వినొద్దు. పాత సున్నపు గోడ లోపలి తేమను బయటికి వదులుతుంది. పెయింటు ఆ దారి మూసేస్తే రెండు వానలకే పొక్కులొచ్చి గచ్చుతో సహా ఊడుతుంది. గోడ ఎర్రగా ఉంటే ఎరుపు, పసుపు రంగులతో బొమ్మ గీయించుకోవాలి, నీలం పెట్టుకోకూడదు.

ఇక ప్రొజెక్టరును నిలబెట్టే పైపుల టవరు. 24 మీటర్ల దూరం నుంచి యంత్రం డిగ్రీలో పదో వంతు కదిలినా గోడ మీద గీత నాలుగు సెంటీమీటర్లు జరుగుతుంది. కిటికీ అంచుకు అతికిన వెలుగు పక్కకు జారి, మాయ అంతా పోతుంది. డప్పుల వాళ్లనూ స్పీకర్లనూ ఆ టవరుకు దూరంగా ఉంచాలి, మనుషులను పైకి ఎక్కనివ్వకూడదు. వానకని ప్లాస్టిక్ షీటు చుట్టేస్తే వేడిగాలి తిరిగి లోపలికే వెళ్లి యంత్రం ఆగిపోతుంది. పైకప్పు వెయ్యాలి, పక్కలు వదిలెయ్యాలి. ప్రొజెక్టరుకు కరెంటును స్పీకర్ల జనరేటరు నుంచి లాగొద్దు.

అక్షరాల సంగతి. గిడుగు రామమూర్తి గారు సవర భాష మీద పని చేసిన పర్లాకిమిడిలో ఒడియా, తెలుగు, సవర మూడూ గోడెక్కాలి. మన వత్తులు గరుకు గోడ మీద కలిసిపోతాయి కాబట్టి అక్షరం అర మీటరుకు తగ్గకూడదు, కిటికీల మధ్య చోటులోనే సర్దాలి.

ఒక్క మాట టెండరులో చేర్చండి: అదే చోట, అదే వేళ, అవే లైట్లు ఆర్పి రెండు రాత్రులు ట్రయల్ వేశాకే సగం బిల్లు.

– పర్లాకిమిడి నుంచి కొందరు పాఠకులు