‘నరాల బలహీనత’ రోగం పేరు కాదు

సంపాదకులు గారికి,

నమస్కారాలు. మీ పత్రిక ఆదివారం సంచికలో వచ్చే ఆరోగ్య వ్యాసాలను కొన్నేళ్లుగా కత్తిరించి దాచుకుంటున్న పాఠకుణ్ని. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం బోధించాను. ఆ వ్యాసాల్లోనూ, వాటి పక్కనే వచ్చే ప్రకటనల్లోనూ తరచుగా కనిపించే ‘నరం’ అనే మాట గురించి రాయవలసిన అవసరం మా ఇంట్లో జరిగిన ఒక సంఘటన వల్ల కలిగింది.

తెలుగులో మనం ఈ ఒక్క మాటతో శరీరంలోని నాలుగు వేర్వేరు భాగాలను పిలుస్తాం. రక్తపరీక్షకు వెళ్లినప్పుడు ‘నరం దొరకడం లేదు’ అంటే అక్కడ వెతుకుతున్నది సిరను, అంటే రక్తాన్ని గుండెకు చేర్చే నాళాన్ని. కాళ్ల మీద నీలంగా మెలికలు తిరిగి ‘నరాలు ఉబ్బాయి’ అన్నప్పుడు ఉబ్బేవీ సిరలే. అర్ధరాత్రి ‘పిక్క నరం పట్టేసింది’ అంటే బిగుసుకున్నది కండరం. మడమ వెనుక తాడులాగా చేతికి తగిలేది కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనం. పాఠ్యపుస్తకాల్లో నాడి అని రాసే అసలైన నరం మనకు పైకి తెలిసే చోటు మోచేతి లోపలి వైపు ఒకటి ఉంది. అక్కడ తలుపు అంచు తగిలితే చిటికెన వేలి దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. ఆ నాడి రక్తనాళంలాగా రక్తాన్ని మోసుకుపోయే గొట్టం కాదు, కండరంలాగా బలం చూపేదీ కాదు. అది సంకేతాలను మోసే తంతువుల కట్ట. వేగంగా పనిచేసే తంతువుల్లో ఆ సంకేతం సెకనుకు 100 మీటర్ల వరకు ప్రయాణిస్తుంది.

మూడేళ్ల క్రితం మా అన్నయ్య పొద్దున్నే అరుగు మీద కూర్చుని టీ తాగుతుండగా కుడిచేతిలోని గాజు గ్లాసు జారి పడింది. వంగి తీయబోతే వేళ్లు ముడుచుకోలేదు. వదిన పలకరిస్తే మాట ముద్దగా వచ్చింది, పెదవి ఒక పక్కకు లాగినట్టయింది. ఊళ్లో వైద్యం చేసే ఒకాయన వచ్చి చూసి, ‘నరాల బలహీనత, బలానికి ఇంజెక్షన్ వేస్తాను’ అన్నారు. సాయంత్రానికి ఎవరో పావురం రక్తం తెచ్చి ఆ చేతికి, కాలికి రాశారు. నాకు ఫోను చేసి చెప్పినప్పుడు నేను కూడా ఆ మాట విని ఊరుకున్నాను. ఏళ్ల తరబడి నాడీ వ్యవస్థ పాఠం చెప్పినవాణ్ని అయి ఉండి ఆ క్షణంలో ఎందుకు అడ్డు చెప్పలేదన్నది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మర్నాడు మధ్యాహ్నం పట్నంలో స్కాన్ తీస్తే మెదడు ఎడమ భాగంలో రక్తనాళం పూడుకుపోయిందని తేలింది.

అన్నయ్య కుడిచేతిలో నాడులు గానీ కండరాలు గానీ ఏమీ చెడలేదు. మెదడు ఎడమ సగం నుంచి దిగివచ్చే ఆజ్ఞా మార్గాల్లో చాలా భాగం వెన్నుపాము మొదలయ్యే చోటికి కొంచెం పైన, మజ్జాముఖం దగ్గర, కుడివైపుకు దాటుతుంది. అందుకే ఎడమ మెదడుకు దెబ్బ తగిలితే కుడి చేయి, కుడి కాలు పడిపోతాయి. మాటను నడిపే కేంద్రం ఎక్కువమందిలో ఎడమవైపే ఉంటుంది. 1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా మాట పోయిన తన రోగి మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందు భాగం దెబ్బతిన్నదని చూపించాడు. మరికొందరు రోగులను కూడా పరిశీలించి, ఆ కేంద్రం ఎడమవైపే ఉంటుందని 1865లో ప్రకటించాడు. అన్నయ్యకు చేయి, మాట ఒకేసారి పోవడానికి కారణం ఇదే. మేము రోజంతా చేతికి వైద్యం చేస్తూ కూర్చున్నాం. ఆపద తలలో ఉంది.

మెదడు బరువు సుమారు 1.4 కిలోలు, అంటే శరీరం బరువులో 2 శాతం. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో 20 శాతం దానికే కావాలి, పైగా దాన్ని దాచుకునే ఏర్పాటు అక్కడ లేదు. పెద్ద రక్తనాళం పూడుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అంచనా. నాళాన్ని పూడ్చిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన 4.5 గంటలలోపు ఇవ్వాలి. రక్తస్రావం లేదని స్కాన్‌లో తేలితేనే ఇవ్వాలి కనుక ఆసుపత్రికి ఇంకా ముందే చేరాలి. కొందరిలో 24 గంటల వరకు సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి తీయగలుగుతున్నారు. అన్నయ్యకు ఈ రెండూ దక్కకుండా పోయాయి.

అన్నయ్యకు వచ్చిన పక్షవాతం మాత్రమే కాదు, ‘నరాల బలహీనత’ అనే మాట కింద మరెన్నో రోగాలు దాగి ఉన్నాయి. మధుమేహం ముదిరినవారిలో అన్నింటికన్నా పొడవైన నాడులు ముందు దెబ్బతింటాయి కనుక స్పర్శ పాదాల నుంచి పోతుంది. నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియదు, పుండు పడినా నొప్పి ఉండదు. గులియన్-బారీ సిండ్రోమ్‌లో శరీర రక్షణ వ్యవస్థే నాడుల మీద దాడి చేస్తుంది. సాధారణంగా కాళ్లలో మొదలయ్యే నిస్సత్తువ కొద్ది రోజుల్లో పైకి పాకి, శ్వాస కండరాల దాకా రావచ్చు. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ పీడిత గ్రామాల్లోనూ, ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్య పత్రికలో ప్రచురితమైన నాటి నెల్లూరు జిల్లా ప్రాంతంలోనూ, వెన్నెముక లోపల ఎముక పెరిగి వెన్నుపామును నొక్కడం వల్ల కాళ్లు పడిపోయినవారున్నారు. ఈ మూడింటికి కారణాలు వేరు, చికిత్సలు వేరు. విటమిన్ బి12 లోపించినవారికి ఆ విటమిన్ నిజంగానే మేలు చేస్తుంది. కానీ లోపం ఉందో లేదో చూడకుండా అందరికీ అదే ‘నరాల బలం’ సూదిగా వేయడం తప్పు.

ఈ సందర్భంలో మీకు రెండు విజ్ఞప్తులు. మొదటిది ప్రకటనల గురించి. 1954లో వచ్చిన ఔషధాలు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం కొన్ని రోగాల జాబితా ఇచ్చి, వాటిని నయం చేస్తామంటూ మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. ఆ జాబితాలో పక్షవాతం, మూర్ఛ, మెదడు వ్యాధులతో పాటు నరాల బలహీనత కూడా ఉంది. అయినా అటువంటి ప్రకటనలు పత్రికల్లో, బస్టాండు గోడల మీద కనిపిస్తూనే ఉన్నాయి. మీ పత్రిక వరకైనా వాటిని తీసుకోవద్దని కోరుతున్నాను.

రెండవది భాష గురించి. నాడి అన్న మాటకు మణికట్టు దగ్గర చూసే నాడి అనే అర్థం కూడా ఉందని, కాబట్టి అది కూడా పూర్తిగా నిర్దుష్టం కాదని నాకు తెలుసు. అయినా ఆరోగ్య వ్యాసాల్లో నరం అని రాయవలసి వచ్చిన ప్రతిచోటా అది సిరా, నాడా, కండరమా అన్నది ఒక్క మాటతో చెప్పడం కష్టం కాదు. ‘మెదడు నరాలు చిట్లాయి’ అని రాసే బదులు ‘మెదడులో రక్తనాళం చిట్లింది’ అని రాస్తే, చదివినవారికి ఆపద ఎక్కడ ఉందో అర్థమవుతుంది. ప్రపంచ పక్షవాత దినమైన అక్టోబర్ 29న మూతి వంకర, చేయి పడిపోవడం, మాట తడబాటు అనే మూడు గుర్తులను, 108 నంబరును మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఆ పేజీని మా ఊరి గ్రంథాలయంలోనూ, పాలకేంద్రం గోడ మీదా నేను స్వయంగా అతికిస్తాను.

భవదీయుడు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
పల్నాడు జిల్లా