అమ్మ రిపోర్టు చూశాను, ముందు స్థిమితంగా కూర్చో

ఒరేయ్ రఘూ,

నువ్వు పంపిన ఫొటో రాత్రి పదకొండు దాటాక చూశాను. కింద ఒక్క మాట లేదు, ఏడు ఆశ్చర్యార్థకాలు తప్ప. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నువ్వు ఎవరి మాటైనా పూర్తిగా విన్న పాపాన పోయావా ఎప్పుడైనా? అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదువు, మధ్యలో లేచి నెట్‌లో వెతక్కు.

థైరాయిడ్ పరీక్షలో అమ్మ టీఎస్‌హెచ్ 6.8 వచ్చింది, పక్కన ఎర్రగా ‘హై’ అని కొట్టారు. దాని కింది వరసలో ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ తయారుచేసే హార్మోన్, మామూలుగానే ఉంది చూడు. అది నల్లగా ఉంది కాబట్టి నీ కంటికి ఆనలేదు. ఈ రెండూ కలిపి చదవాలిరా. టీఎస్‌హెచ్ థైరాయిడ్‌లో పుట్టేది కాదు. మెదడు కింద బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది, అది థైరాయిడ్‌కి పంపే హుకుం. మేస్త్రీ కూలీల్ని అదిలించినట్టన్నమాట. పని నడవకపోతే మేస్త్రీ గొంతు పెంచుతాడు, టీఎస్‌హెచ్ పెరుగుతుంది. అమ్మ దగ్గర మేస్త్రీ కాస్త గట్టిగా అరుస్తున్నాడు గానీ గోడ మాత్రం లేవాల్సినంత లేస్తూనే ఉంది. దీన్నే సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. పైగా డెబ్బై దాటాక ఏ జబ్బూ లేకపోయినా ఆ గొంతు కొంచెం పెద్దదవుతుంది.

‘మరి నీరసం అంటోంది కదా, మాత్ర మొదలుపెడితే పోతుందేమో’ అంటావు. సరిగ్గా ఈ ప్రశ్న పట్టుకునే యూరప్‌లో ట్రస్ట్ అని ఓ ట్రయల్ చేశారు, 2017లో ఫలితాలొచ్చాయి. 65 దాటిన 737 మంది, సగటు వయసు 74, అచ్చం అమ్మలాంటి వాళ్ళే. సగం మందికి లీవోథైరాక్సిన్, అంటే థైరాయిడ్ హార్మోన్ మాత్ర, సగం మందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది పడిందో వాళ్ళకీ తెలీదు, చూసే డాక్టరుకీ తెలీదు. అందులో నాకు భలే నచ్చిన సంగతొకటుంది. ఈ మందు డోసుని టీఎస్‌హెచ్ చూసుకుంటూ మార్చాలి. ఒక జట్టుకే మారిస్తే గుట్టు బయటపడిపోతుంది కదా? అందుకని ఉత్తుత్తి మాత్రల వాళ్ళకి ఉత్తుత్తిగానే డోసు కూడా మార్చారు! ఏడాది తర్వాత చూస్తే మందు వేసుకున్న వాళ్ళ టీఎస్‌హెచ్ 3.63కి దిగింది. నీరసం, మిగతా బాధలు మాత్రం రెండు జట్లలోనూ ఒకేలా ఉన్నాయి. కాగితం బాగుపడింది, మనిషికి ఒరిగిందేమీ లేదు. ఇంకో విశేషం, ఉత్తుత్తి మాత్ర మింగిన వాళ్ళ టీఎస్‌హెచ్ కూడా 6.4 నుంచి 5.48కి దానంతటదే దిగింది.

అలాగని ఆ మాత్ర దండగ అని ఊరంతా చెప్పకు. టీఎస్‌హెచ్ 10 దాటితే లెక్క వేరు, గర్భిణులకి లెక్క వేరు, టీ4 పడిపోతే అసలు వాదనే లేదు. కానీ అక్కర్లేని చోట మందు ఎక్కువైతే, ఆ వయసులో గుండె లయ తప్పొచ్చు, ఎముకలు పల్చబడొచ్చు. తొందర వద్దనేది అందుకే.

నాకీ అంకెల మీద ఇంత అనుమానం ఎందుకో చెప్తాను. నా పని తెలుసుగా, ట్రయల్‌లో చేరినవాళ్ళ వెంటపడటం. మాత్ర వేసుకున్నారా, టైముకి రక్తం ఇచ్చారా అని. ఆ మధ్య ఒకాయన్ని కుషింగ్స్ అనుమానంతో పంపారు. ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువైపోయే జబ్బు అది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కార్టిసాల్ తెల్లారేసరికి బాగా పెరిగి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. కుషింగ్స్‌లో ఆ అడుగంటడం ఉండదు. అందుకని రాత్రి పడుకునే ముందు చిన్న దూది ముక్క నోట్లో పెట్టుకుని, లాలాజలంతో తడిపి గొట్టంలో వేసి ఇమ్మంటాం. ఈయనకి రెండుసార్లూ ఎక్కువే వచ్చింది. ఈ జబ్బుకి చాలాసార్లు పిట్యూటరీలో గడ్డే మూలం కాబట్టి తల స్కాన్‌కి కూడా రాయబోతున్నారు. మూడో గొట్టం గుర్తుచేద్దామని రాత్రి ఫోన్ చేస్తే, వెనకాల లారీల హారన్లు. ‘డ్యూటీలో ఉన్నా సార్’ అన్నాడు. పదకొండేళ్ళుగా నైట్ వాచ్‌మన్ అట! ఆయన ఒంటికి మన అర్ధరాత్రి మిట్టమధ్యాహ్నం. ఫారంలో వృత్తి దగ్గర ‘ప్రైవేట్’ అని రాసి ఉంది. రాసింది ఎవరనుకున్నావు, నేనే. తర్వాత 24 గంటల మూత్రం పట్టించి చూస్తే కార్టిసాల్ మామూలే. స్కాన్ తీసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్. పదిమందిలో ఒకరికి పిట్యూటరీలో ఏ హానీ చెయ్యని చిన్న గడ్డ కనబడుతుంది. అది కనబడితే ఇక ఆయన్ని ఆపరేషన్ బల్ల దాకా నడిపించేవాళ్ళం.

ఇంకోటి నా సొంత భాగోతం, ఎవరికీ చెప్పకు. పోయినేడాది నా థైరాయిడ్ చూస్తే టీఎస్‌హెచ్ అడుగున, టీ4 ఆకాశంలో. అచ్చం గ్రేవ్స్ జబ్బు రిపోర్టే, థైరాయిడ్ మితిమీరి పనిచేసే జబ్బు అది. గుండె దడ లేదు, చెయ్యి వణుకు లేదు, బరువు తగ్గడం మాట దేవుడెరుగు. అయినా మూడు రాత్రులు నిద్ర లేదు. తీరా చూస్తే దొంగ నా బల్ల మీదే ఉన్నాడు, జుట్టు కోసం వేసుకుంటున్న బయోటిన్ అనే విటమిన్ మాత్ర. మనిషికి రోజుకి సరిపోయేది 30 మైక్రోగ్రాములు, నా మాత్రలో ఉన్నది 10,000. చాలా ల్యాబ్ కిట్లలో బయోటిన్‌నే జిగురులా వాడతారు. రక్తంలోనూ అదే నిండి ఉంటే యంత్రం తికమకపడి టీఎస్‌హెచ్‌ని తక్కువగా, టీ4ని ఎక్కువగా చూపిస్తుంది. ఈ సంగతి మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరిక ఇచ్చింది. రోజూ రోగుల్ని ‘ఏమేం మందులు వాడుతున్నారు’ అని గుచ్చిగుచ్చి అడిగేవాణ్ణి, నన్ను నేను అడుక్కోలేదు. వారం మానేసి మళ్ళీ ఇస్తే అన్నీ మామూలే.

అసలు రక్తంలో హార్మోన్ని ఇంత కచ్చితంగా కొలవడమే 1950ల చివరిదాకా వీలుకాలేదురా. రోజలిన్ యాలో అని భౌతికశాస్త్రం చదివిన ఆవిడ, సాలొమన్ బెర్సన్ అనే డాక్టరు కలిసి ఆ దారి కనిపెట్టారు. ఇన్సులిన్ సూదులు వేసుకునేవాళ్ళ రక్తంలో దానికి యాంటీబాడీలు పుడుతున్నాయని వాళ్ళు రాస్తే, అది కుదరదని పత్రిక తిప్పి పంపింది. ఆ యాంటీబాడీలనే కొలబద్దగా మార్చారు. 1977లో యాలోకి నోబెల్ వస్తే, ఆ తిరస్కరణ ఉత్తరాన్ని నోబెల్ ఉపన్యాసంలోనే చూపించింది! బెర్సన్ అప్పటికే పోయాడు, పాపం.

ఇక అమ్మని అధ్యయనంలో చేరమని డాక్టరు అడిగారని ఇదివరకు అన్నావు. ‘ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం మోసం కాదా’ అని నీ బాధ. మరి మెనోపాజ్ హార్మోన్ మాత్రల కథ విను. అవి వాడే ఆడవాళ్ళకి గుండెపోట్లు తక్కువని చూసి, గుండెకి మంచివని ఏళ్ళ తరబడి నమ్మారు. తీరా అమెరికాలో 16,608 మందితో, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పరీక్షిస్తే, గుండెపోట్లు, పక్షవాతం, రొమ్ము క్యాన్సర్ కొంచెం పెరిగాయి. 2002లో ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. ముందు నుంచీ ఆరోగ్యం బాగా చూసుకునేవాళ్ళే ఆ మాత్రలు ఎక్కువగా వాడేవారు, మంచిపేరేమో మాత్రకొచ్చింది. చెల్లెమ్మ దీన్ని చదివి హడలిపోతుందేమో, ఒక మాట చెప్పు. ఆ ట్రయల్‌లో సగటు వయసు 63. యాభైల్లో, ఒళ్ళంతా ఆవిర్లు తట్టుకోలేక మొదలుపెట్టేవాళ్ళకి లాభనష్టాలు వేరేగా తూగుతాయి. తన డాక్టరుతోనే మాట్లాడమను.

సమ్మతి పత్రం మీద అమ్మ సంతకం పెట్టేముందు నువ్వూ కూర్చుని చదువు. మధ్యలో మానేస్తే మామూలు వైద్యం ఆగదు కదా అని అడుగు. ఏదైనా తేడా చేస్తే చూసేది ఎవరు, ఖర్చు ఎవరిది, అది కూడా రాసి ఉండాలి. అమ్మకి విసుగొస్తే ఏ కారణం చెప్పకుండా మానుకునే హక్కుంది.

ఈలోపు మందు మొదలుపెట్టకుండా రెండు మూడు నెలలాగి టీఎస్‌హెచ్ మళ్ళీ చేయిద్దామా అని డాక్టర్ని అడుగు. అదే ల్యాబ్‌లో, పొద్దున పూటే ఇప్పించు, రోజులో వేళని బట్టి కూడా అది మారుతుంది. ఒళ్ళే థైరాయిడ్ మీద దాడి చేస్తోందేమో చెప్పే టీపీఓ యాంటీబాడీలు కూడా చూస్తారేమో కనుక్కో. ముందుగా అమ్మ వేసుకునే మాత్రలన్నీ, విటమిన్లతో సహా, బల్ల మీద పరిచి ఫొటో తీసి పంపు. లేబుల్ కనబడేలా తియ్యి, పోయినసారిలా నీ బొటనవేలు కాదు.

నీ
శీను